కోదాడ లైనుకు తాళం

అక్క మీద నింద పడ్డ రోజు నేను సూర్యాపేటలో సర్వర్ మూత విప్పి దుమ్ము ఊదుతున్నాను. సర్వర్ అనగానే అద్దాల గది, చల్లటి ఏసీ అనుకునేరు. అదేం లేదు. పాత ఎక్స్‌రే ఫిల్ములు పడేసే కొట్టుగదిలో ఒక ఇనుప రాక్, దాని మీద ఒక డబ్బా, దాని మొహాన ఒక టేబుల్ ఫ్యాను. మూడు ఊళ్ల జనం షుగరు, థైరాయిడ్, రక్తహీనత అన్నీ ఆ డబ్బాలోనే ఉండేవి.

మాది రక్త పరీక్షల ల్యాబ్. మెయిన్ ల్యాబ్ సూర్యాపేటలో ఉండేది. కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి శాంపిల్స్ తీసుకునే సెంటర్లు. అక్కడ తీసిన రక్తాన్ని ఐస్ డబ్బాలో పెట్టి ఏ బస్సు డ్రైవర్ చేతికో ఇస్తే మా దగ్గరికి వచ్చేది. మేం పరీక్ష చేసి రిజల్టు సర్వర్లో ఎక్కిస్తే, అక్కడివాళ్లు తమ కంప్యూటర్లో తెరిచి ప్రింటు తీసి ఇచ్చేవాళ్లు. మూడింటికీ కలిపి కంప్యూటర్ మనిషిని నేనొక్కదాన్నే. వైరు తెగినా నన్నే పిలిచేవాళ్లు, ప్రింటరు కాగితం మింగినా నన్నే పిలిచేవాళ్లు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకని పిలిచేముందు కాస్త ఆలోచించి పిలిచేవాళ్లు.

అక్క మా కోదాడ సెంటర్ టెక్నీషియన్. తోడబుట్టింది కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజే "చెల్లె, తిన్నవా?" అని అడిగింది, అంతే, అక్క అయిపోయింది. ఊరు కోదాడ పక్కన చిలుకూరు. రక్తం తీయడం, డబ్బా బస్సెక్కించడం, రిపోర్టు ఇవ్వడం, ఊడ్చి తాళం వేయడం అన్నీ ఆమే.

ఆ రోజు డాక్టరుగారి గదిలోంచి గొంతు గట్టిగా వినిపించింది. ల్యాబ్ ఓనరు ఆయనే. మంచి డాక్టరు, పనిలో తప్పు దొర్లదు, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. "నువ్వు గాకపోతే ఇంకెవ్వరు చెప్తరమ్మా?" అంటున్నాడు. నేను స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకునే పరుగెత్తాను. అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. పెదవులు మాత్రం తెల్లబడిపోయాయి.

జరిగింది ఇది. కోదాడలో జాకెట్లు కుట్టుకుని బతికే ఒకామె ఉంది. భర్త లారీ మీద తిరిగీ తిరిగీ పోయిన ఏడాది చనిపోయాడు. ఎవరో డాక్టరు పరీక్ష చేయించుకొమ్మంటే మా సెంటర్‌కు వచ్చి రక్తం ఇచ్చింది. హెచ్ఐవీ ఉందని తేలింది. తెల్లారేసరికి ఆమె వీధి మొత్తానికి తెలిసిపోయింది. కుట్టడానికి ఇచ్చిన జాకెట్ ముక్కలు కుట్టకుండానే వెనక్కి తీసుకుపోయారట. ఆమె తమ్ముడు మా సెంటర్ ముందుకు వచ్చి, మీ టెక్నీషియనే చెప్పిందని రోడ్డు మీద నానా తిట్లు తిట్టి పోయాడు. అక్కకు ఆమె ముందు నుంచే తెలుసు. ఆమె దగ్గరే జాకెట్లు కుట్టించుకునేది. అనుమానానికి అదొక్కటి చాలదా?

"ఎవరు తెరిచిన్రో కంప్యూటర్ల ఉంటది అన్నవ్ గద, తీస్కరా" అన్నాడు డాక్టరుగారు నన్ను చూసి.

ఏ రిపోర్టు ఎవరు తెరిచారో సర్వర్ గుర్తు పెట్టుకునేలా చేసింది నేనే. గొప్పగా చెప్పుకున్నది కూడా నేనే. ప్రింటు తీశాను. ఎక్కించిన డాక్టరుగారిని వదిలేస్తే ఆ రిపోర్టు తెరిచింది ఒకే ఒక్క లాగిన్. అక్కది. ఆ కాగితం తెచ్చి నా చేత్తో నేనే ఆయన బల్ల మీద పెట్టాను.

"సార్, నేను తెరిస్తెనే గద ప్రింటొచ్చేది" అంది అక్క. "సాయంత్రం కరెంటొచ్చినంక తీసిన. కవర్ల పెట్టి, పిన్ను కొట్టి, ఆమె చేతికే ఇద్దమని పక్కకు పెట్టిన. ఆమె మల్ల రానే లేదు సార్. కవరు గిప్పటికి గట్లనే ఉంది."

"కవరు ఉంటది. మాట పోయింది గద."

నాకు ఒళ్లు మండింది. "సార్, గిది తలుపు తీసినోళ్ల లెక్క. దారిల విన్నోళ్ల లెక్క దీంట్ల ఉండదు" అన్నాను. ఏ దారి అన్నాడు. ఈ సర్వర్ నుంచి కోదాడ దాకా మన రిపోర్టులు ఇంటర్నెట్ మీద ఏ తాళమూ లేకుండా పోతున్నాయని, మధ్యలో ఎవడు చెవి పెట్టినా పేర్లతో సహా చదువుకోవచ్చని చెప్పాను. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్నాడు. చెప్పానన్నాను. మీరే తర్వాత చూద్దాం అన్నారని కూడా అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది.

"సరే. వచ్చే సోమవారం దాక టైమిస్తున్న. దారిల పోయిందని నాకు సూపియ్. సూపియ్యకపోతె ఆమె ఇగ రావొద్దు. అందాక ఇంటికాడనే ఉండాలె."

కోదాడ ఎంత ఊరని? నోరాగని టెక్నీషియన్ అని ఒకసారి పేరు పడితే, అక్కకు అటు కోదాడలో గానీ ఇటు మిర్యాలగూడలో గానీ సూది పట్టుకునే పని మళ్లీ దొరకదు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బస్టాండు దాకా తోడు వెళ్లాను. బస్సు మెట్టెక్కుతూ "ఇంట్ల ఏమని చెప్పాలె చెల్లె?" అని అడిగింది.

మర్నాడే కోదాడ వెళ్లాను. సెంటర్ నడపడానికి మిర్యాలగూడ టెక్నీషియన్ అన్నను పంపించారు. పెద్దమనిషి, నవ్వించే మనిషి. "ఏంది మేడం, గింత పరేషానయితున్నవ్? మన కోదాడోళ్ల షుగర్ ఢిల్లీల గిట్ల సదువుతరా?" అన్నాడు. నేను నవ్వలేదు. బల్ల కిందికి దూరి వైర్లు చూస్తున్నాను. అక్కడ కనిపించింది. మా ఇంటర్నెట్ పెట్టెలోంచి ఒక నీలం వైరు గోడ కన్నంలోంచి పక్క షాపులోకి పోతోంది.

పక్కది జిరాక్సు, నెట్ సెంటర్. అక్కకు ఫోన్ చేసి అడిగితే, "పాపం, వాళ్ల లైను ఎప్పుడు రిపేరే ఉంటది చెల్లె. పక్కపక్కన ఉండి ఇయ్యమంటె ఎట్లుంటది? జర వాడుకొమ్మన్న" అంది. మా దగ్గర అంతే. మంచినీళ్లు అడిగితే ఇస్తాం, ఎండాకాలం ఫ్రిజ్‌లో చోటిస్తాం, వైరు అడిగితే వైరూ ఇస్తాం. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

నెట్ సెంటర్లోకి వెళ్లి ఆ నీలం వైరును నా లాప్‌టాప్‌కు పెట్టుకున్నాను. మా పెట్టె పాతకాలంది, ఒక తీగలో వచ్చింది మిగతా తీగలన్నిట్లోకీ పంపే రకం. అటు మా సెంటర్లో అన్నను ఒక రిపోర్టు తెరవమన్నాను. నా తెర మీద గీతలు, అంకెలు గబగబా పారుతూ, మధ్యలో ఒక ముసలాయన పేరు, ఊరు, వయసు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతో, అక్షరం పొల్లు పోకుండా వచ్చేసింది. ఆ ముసలాయన బట్టలు లేకుండా నా ముందు నిలబడ్డట్టు అనిపించి చటుక్కున మూసేశాను.

నెట్ సెంటర్ యజమాని మీద పడ్డాను. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా బెదిరిపోయాడు. "అమ్మా, నాకు జిరాక్సు తప్ప ఏం తెలుసండీ? పాటలు దింపుకుంటారు, హాల్ టికెట్లు తీసుకుంటారు, అంతేనండీ. మా పిల్లల మీద ఒట్టండీ!" అన్నాడు. నేను వదల్లేదు. ఎవరెవరు కూర్చుంటారు, ఎవరు లాప్‌టాప్ తెచ్చుకుంటారు, ఆ రోజు ఎవరున్నారు అని నిలదీశాను. పాపం, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపు ముందు నలుగురు గుమికూడుతుంటే అప్పుడు స్పృహ వచ్చింది. డాక్టరుగారు అక్కను గోడకు నిలబెట్టినట్టే నేనూ ఈయన్ను నిలబెట్టాను. నీలం వైరు పీకేసి బయటికి వచ్చాను.

సూర్యాపేట వచ్చి డాక్టరుగారికి అంతా కాగితం మీద పెట్టి చూపించాను. ఆయన తెలివైనవాడు, వెంటనే అర్థం చేసుకున్నాడు. కాగితం కళ్లద్దాల దాకా తెచ్చుకుని చదివి కింద పెట్టాడు.

"కన్నమైతె ఉన్నది. దొంగ దూరిండని ఎట్ల చెప్తవ్?"

"సార్..."

"ముందు కన్నం మూయి. దొంగ సంగతి సోమవారం మాట్లాడుదం."

న్యాయమైన మాటే. అందుకే ఇంకా మండింది.

కన్నం మూయడం అంటే సర్వర్‌కూ సెంటర్లకూ మధ్య నడిచే ప్రతి మాటనూ తాళం వేసి పంపడం. తాళం ఒక్కటే చాలదు. కోదాడ కంప్యూటర్ మాట్లాడుతున్నది నిజంగా మా సర్వర్‌తోనేనా, మధ్యలో ఇంకెవడైనా నేనే సర్వర్‌ని అని కూర్చున్నాడా అన్నది కూడా తేలాలి. దానికే సర్టిఫికెట్లు. మన గుర్తింపు కార్డు లాంటివే. కార్డు మీద ఎవరి ముద్ర ఉందో చూసి కదా నమ్ముతాం? ఆ ముద్ర కొట్టే అధికారిని కూడా నేనే తయారు చేసుకున్నాను. సర్వర్‌కు ఒక సర్టిఫికెట్, కోదాడకు ఒకటి, మిర్యాలగూడకు ఒకటి, మూడింటి మీదా నా ముద్ర. ముద్ర కొట్టే రహస్య తాళంచెవిని సర్వర్ మీద కూడా ఉంచకుండా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టాను. సెంటర్లకు కావాల్సినవి మెయిల్‌లో పంపలేదు. నేనే బస్సెక్కి తీసుకుపోయాను. మెయిల్‌లో తాళంచెవి పంపేదానికి తాళం ఎందుకట?

మిర్యాలగూడలో మొదటిసారికే కుదిరింది. మళ్లీ అదే పరీక్ష చేశాను. లాప్‌టాప్ మధ్యలో పెట్టి చూస్తే ఈసారి పేరు లేదు, ఊరు లేదు, అంతా గజిబిజి. బస్టాండులో ఒక్కదాన్నే ఇరానీ చాయ్ తాగుతూ పిచ్చిదానిలా నవ్వుకున్నాను. కానీ ఆ నవ్వు బస్సెక్కేదాకా కూడా నిలవలేదు. కన్నం మూశాను సరే, సోమవారానికి దొంగను ఎక్కడి నుంచి తేవాలి? నీలం వైరు ఉందని తప్ప నా చేతిలో ఏమీ లేదు. అక్క పొద్దున్నే ఫోన్ చేసేది. "ఏమన్న తెలిసిందా చెల్లె?" అని అడిగేది. లేదంటే "మంచిగ తిను" అని పెట్టేసేది.

శనివారం కోదాడ వంతు. పొద్దున్నే అక్కడి కంప్యూటర్లో సర్టిఫికెట్లు పెట్టాను, పనిచేసింది. అప్పుడు సర్వర్‌కు ఆజ్ఞ ఇచ్చేశాను. ఇక మీదట తాళం లేకుండా ఎవరొచ్చినా లోపలికి రానివ్వకు అని. అలా ఆజ్ఞ ఇచ్చానో లేదో కరెంటు పోయింది. ఆ ఎండాకాలం కరెంటు ఉండటమే వింత. బ్యాటరీల మీద ఫ్రిజ్, ఒక లైటు మాత్రం నడిచేవి.

హాలు నిండా జనం. ముందు కుర్చీలో ఒక నిండు చూలాలు, పక్కన ఆమె అత్త, వెనక ఊరివాళ్లు ఇద్దరో ముగ్గురో. దగ్గర్లోని నర్సింగ్ హోంలో ఆమెకు ఆపరేషన్ చేయాలి, రక్త పరీక్షల రిపోర్టు వస్తేనే లోపలికి తీసుకుంటామన్నారట. శాంపిల్ పొద్దున్నే బస్సులో పోయింది. రిజల్టు సర్వర్లో ఎక్కిందని సూర్యాపేట నుంచి కబురూ వచ్చింది. కరెంటు రావడమే ఆలస్యం.

కరెంటు వచ్చింది. కంప్యూటర్ లేచింది. సర్వర్‌కు మాత్రం కలవనంది. సర్టిఫికెట్ చెల్లదంటోంది! పొద్దున చెల్లింది ఇప్పుడెట్లా చెల్లదు? తీసేసి మళ్లీ పెట్టాను. చెల్లదు. వైరు మార్చాను. చెల్లదు. వీపు మీద చెమట కారుతోంది. చూలాలి అత్త నా పక్కకే వచ్చి నిలబడి, "ఎంతసేపమ్మా? పిల్ల నొప్పులంటాంది" అంటోంది. నా సెల్‌ఫోన్ మోగింది. డాక్టరుగారు.

"నర్సింగ్ హోమోళ్లు నన్ను తింటున్నరు. రిపోర్టేది?"

"సర్టిఫికెట్ పట్టుకుంటలేదు సార్. జర ఆగున్రి."

"తీసెయ్ ఆ తాళం! అవతల మనిషి ప్రాణం మీదికొస్తె నీ సర్టిఫికెట్లేంది?"

తీసెయ్యొచ్చు. సర్వర్‌కు ఒక్క మాట చెబితే చాలు. వేలు దాని మీదే ఉంది కూడా. కానీ ఈ ఒక్కసారికి అని తీసిన తాళం మా దగ్గర మళ్లీ పడదు, అది నాకు తెలుసు. "ఒక్క నిమిషం సార్, కాళ్లు మొక్కుత" అన్నాను. ఆయన విసుక్కుని పెట్టేశాడు.

చెల్లదు అన్న మాట కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. తెర దగ్గరికి వంగి చదివాను. ఈ సర్టిఫికెట్ కాలం ఇంకా మొదలు కాలేదు అంటోంది. కాలం మొదలు కాకపోవడం ఏమిటి? తెర మూలకు చూశాను. గడియారం రెండువేల రెండు, జనవరి ఒకటి అని చూపిస్తోంది. ఓరి నీ! పొద్దున సర్టిఫికెట్లు పెట్టేముందు తేదీ తప్పుందని నేనే సరిచేశాను, ఎందుకు తప్పిందో మాత్రం ఆలోచించలేదు. కంప్యూటర్ లోపల తేదీని కాపాడే బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది పదేళ్లు వెనక్కి పోతోంది. రిపోర్టు మీద తేదీ సర్వర్ నుంచి వచ్చేది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. పదేళ్ల వెనక కూర్చున్న కంప్యూటర్ మొన్న పుట్టిన సర్టిఫికెట్‌ను నమ్మమంటే ఎట్లా నమ్ముతుంది?

నేను తేదీ మార్చబోతుండగా బల్ల మీద ల్యాండ్‌లైన్ మోగింది. మిర్యాలగూడ అన్న పక్కనే ఒక తాత చేతిలో సూది గుచ్చి రక్తం తీస్తున్నాడు. రెండు చేతులకూ గ్లౌజులు. మామూలుగా, చూడనైనా చూడకుండా, మోచేత్తో స్పీకర్ మీట నొక్కి, "చెప్పున్రి సార్, రాసుకుంట" అన్నాడు.

డాక్టరుగారి గొంతు హాలంతా మోగింది. ముందు చూలాలి పేరు, ఇంటిపేరుతో సహా. తర్వాత ఊరు. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర అన్నాడు. షుగర్ చెప్పాడు. హాల్లో అందరూ మాటలాపి వింటున్నారు. వెనకున్న ఊరివాళ్లయితే మెడలు సాచారు. రేడియోలో వార్తలు వింటున్నంత మామూలుగా వింటున్నారు. "రాసుకుంటున్నవా? ఇగ హెచ్ఐవీ..." అన్నాడు డాక్టరుగారు.

ఎట్లా లేచానో నాకు తెలియదు. ఫోన్ వైరు పట్టుకుని గోడలోంచి పీకేశాను. పీకిన ఊపుకు ఫోన్ కింద పడి పగిలింది.

అన్న సూది పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. అత్త "ఏమైందమ్మా, ఫోనెందుకు పీకినవ్?" అంది. "షాక్ కొడుతుందమ్మా, జరుగున్రి" అన్నాను. ఆ తర్వాతి మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. లేదు అనే అయ్యుండొచ్చు, నూటికి తొంభై తొమ్మిది మందికి అదే కదా. సర్వర్ నా చేతిలోనే ఉన్నా నేను ఎన్నడూ చూడలేదు.

తేదీ సరిచేశాను. కలిసింది. ప్రింటు తీసి, చదవకుండానే మడిచి, కవర్లో పెట్టి, పిన్ను కొట్టి చూలాలి చేతికే ఇచ్చాను. వాళ్లు ఆటోలో వెళ్లేదాకా ఆగి, సెల్‌ఫోన్ ఎత్తాను. అప్పటికి డాక్టరుగారు అదేపనిగా చేస్తున్నాడు.

"లైన్ కట్టయిందేంది?"

"నేనే పీకిన సార్. రిపోర్టు ఇచ్చి పంపిన."

"పీకినవా? బుద్ధుందా నీకు?"

"సార్, మీ మాట హాలంత వినవడ్డది. పేరు, ఊరు, అన్ని. స్పీకర్ పెట్టి ఉండె." "ఆ టైలరమ్మ రోజు కూడ పగలంత కరెంట్ లేదు. సాయంత్రం దాక రిపోర్టు తెరవలేదని కాయితమే చెప్తుంది. మరి మీరు రిజల్టు ఎట్ల చెప్పిన్రు సార్?"

  

"ఫోన్లనే చెప్పిన" అన్నాడు. ఆయన అంత చిన్నగా మాట్లాడగలడని అప్పుడే తెలిసింది.

"మరి దారిల ఎవ్వరు దొంగిలియ్యలె సార్. అక్క ఎవరికి చెప్పలె. మీరే చెప్పిన్రు, మోచేత్తో మీట నొక్కి మనోళ్లే వినిపించిన్రు."

ఫోన్ కట్ అయింది. నా ఉద్యోగమూ పోయిందనుకున్నాను. పోతే పోనీ అని కూడా అనుకున్నాను. బజారుకు వెళ్లి వాచీల షాపులో బిళ్ల బ్యాటరీ కొని కంప్యూటర్లో వేసి, చిలుకూరు ఆటో ఎక్కాను.

అక్క ఇంటి వెనక గొర్రెల దొడ్డి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి, "సార్ ఇప్పుడే ఫోన్ చేసిండు. రేపటి సంది రమ్మన్నడు" అంది.

"తప్పయిందన్నడా?"

"అనలె. ఆయన గొంతే ఎట్లనో ఉండె. ఏమైంది చెల్లె?"

చెప్పాను. చూలాలు, మోచేయి, స్పీకర్, పీకిన వైరు, అన్నీ. అక్క సంతోషిస్తుందని, నన్ను కౌగిలించుకుంటుందని అనుకుంటూ వచ్చాను. అక్క మాత్రం దొడ్డి గోడ మీద అలాగే కూలబడిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ రోజు నేనే నొక్కిన చెల్లె. ఒక పోరనికి రక్తం తీస్తున్న, ఏడుస్తుండె. ఫోన్ మోగితె నొక్కిన. రోజు నొక్కినట్టే నొక్కిన. సార్ ఏం చెప్పిండో రాసుకున్న గని, ఎవ్వరు కూసున్నరో తల ఎత్తి సూడలె." లేచింది. కాళ్లు కడుక్కుని, ఇంట్లోకి వెళ్లి, ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చింది. "పా, ఆమె దగ్గరికి పోదం. నేను ఇయ్యాల్నే పోవాలె."

టైలరమ్మ ఇల్లు కోదాడలో ఒక సందు చివర. తలుపు తెరిచే ఉంది. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. గోడకు కట్టిన తీగకు జాకెట్లు వేలాడాల్సిన చోట ఖాళీ హ్యాంగర్లు. మమ్మల్ని చూసి ఆమె లేచి నిలబడి, రెండడుగులు వెనక్కి వేసింది. అక్క గడపలోనే నిలబడి మొత్తం చెప్పేసింది. దాచలేదు. "నేను నొక్కిన మీటనే, నా వల్లనే" అంది, ఏడుస్తూ.

"నాకెరుకనే అక్కా" అంది ఆమె.

అక్క ఏడుపు ఆగిపోయింది.

"నేను గాడనే ఉన్న గద. బెంచీ మీద మూలకు కూసున్న. రిపోర్టు కోసమే వచ్చిన. సార్ నా పేరు చెప్పంగనే, ఇగో పిలుస్తున్నరు అనుకుని లేచి నిలవడ్డ. నిలవడ్డంక ఆ మాట చెప్పిండు. మా సందుల ఇద్దరు గాడనే ఉండె. అందరు నన్నే సూసిన్రు." ఆమె గొంతులో ఏడుపు లేదు. అదే నాకు భయమేసింది.

"మరి అక్కను ఇంటికి పంపిన్రని తెలిసి కూడ వచ్చి చెప్పలేదేం?" అన్నాను. నా నోటిదూల. అడిగాక నాలుక కరుచుకున్నాను.

"ఎట్ల చెప్త మేడం? మా తమ్మునికి కూడ చెప్పలె. నా పేరు నేను విన్న అని వచ్చి చెప్తే, అది నాకే అని మల్లొకసారి నేనే అందరికి చెప్పినట్టు గాదా? ఏమో, తప్పు విన్నరేమో అని ఎవరన్న ఒక్కరన్న అనుకుంటరేమో అని సూసిన. మీరు ఎవ్వరన్న వచ్చి అడిగితె మీకైతె చెప్పేదాన్ని. ఎవ్వరు రాకపోతిరి."

అవును, ఎవరూ రాలేదు. గోడ కన్నం వెతికాను, వైర్లు వెతికాను, పాపం ఆ జిరాక్సాయనను ఏడిపించాను, మూడు ఊళ్ల మధ్య బస్సుల్లో తాళాలు మోశాను. ఈ సందులోకి మాత్రం రాలేదు. ఆ తాళం వేసినందుకు ఈ రోజుకూ విచారం లేదు. వేయాల్సిందే. కానీ అక్కడ నిలబడి ఆమె మొహం చూస్తుంటే నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా.

అక్క కవర్లోంచి ఒక జాకెట్ ముక్క తీసింది. ఆకుపచ్చది. మిషన్ మీద గుడ్డ తీసి, ఆ ముక్క దాని మీద పెట్టింది. "ఎప్పటికిస్తవ్?" అంది. ఆమె ఆ ముక్క వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"నాకు కూడ ఒకటి కుట్టాలె. గుడ్డ రేపు బస్సుల అక్కకు పంపిస్త" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"అట్లనే మేడం. దాంతోనే పాత జాకెట్ ఒకటి పంపున్రి. దాన్ని సూసి కుట్త."

"నువ్వు పాత జాకెట్ల మీద ఎప్పుడు కుట్టినవే?" అంది అక్క. "టేపు పెట్టి కొలవకుంటె చేతులు సరిగ రావని నువ్వే అంటివి గద."

ఆమె మెళ్లో వేసుకున్న టేపును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, గోడ దగ్గరే నిలబడిపోయింది. మా దగ్గరికి రాకూడదు అనుకుంటోందని అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

చున్నీ తీసి అక్క చేతికిచ్చాను. గది మధ్యకు వెళ్లి, ఆమె వైపు వీపు పెట్టి, రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడ్డాను. చాలాసేపు ఏమీ జరగలేదు. చేతులు గుంజుతున్నా దించలేదు. తర్వాత టేపు కొస భుజం మీద ఆనింది, దాని వెంట వేళ్లు.